హెడ్డింగులు పల్టాయించే పెంటప్ప

ఏ మాట విన్నా దాని తిరగవైపు చూడందే పెంటప్పకు ముద్ద దిగదు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. సోలాపూర్ దాజీ పేట్‌లో ఆ జబ్బుకు బలికాని ఇల్లు లేదు. అందరికన్నా ఎక్కువ బలైనవాడు గోడకు గోడ ఆనుకుని ఉన్న సిద్ధరాములు. పాపం, అతని నౌకరీ అలాంటిది. ఊళ్లో వచ్చే నాలుగు పేజీల తెలుగు పేపరు 'నేత వెలుగు'లో వార్తలకు హెడ్డింగులు పెట్టేది అతనే.

జబ్బు మగ్గం మీద పుట్టింది. పెంటప్ప బుద్ధెరిగినప్పటి నుంచీ చద్దర్లు నేస్తున్నాడు. మన చద్దరు సంగతి తెలిసిందే కదా, ఈ వైపు ఎర్రటి నేల మీద తెల్ల పువ్వుంటే, ఆ వైపు తెల్లటి నేల మీద ఎర్ర పువ్వు. ఒకవైపే చూసి చద్దరు కొనేవాడు మూర్ఖుడైతే, ఒకవైపే విని మాట నమ్మేవాడు వాడికన్నా పెద్ద మూర్ఖుడని ఆయన సిద్ధాంతం. అందుకే ఎవరేమన్నా సరే, అరచెయ్యి గాల్లో బోర్లించి "పల్టాయించు!" అంటాడు. అంటే ఆ మాటలో ఉన్న పేరు తీసి, ఇంకొకరి పేరు పెట్టి మళ్లీ చెప్పమని.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య పద్మ, "మా తమ్ముడు అలిసిపోయి పండుకున్నడు, జర మెల్లగ మాట్లాడు" అంది.

"పల్టాయించు."

"ఏంది పల్టాయించేది?"

"మొన్న మా తమ్ముడు గిదే చాప మీద గిదే యాళ్లకు పండుకుంటె ఏమన్నవు? 'పనిదొంగ, పట్టపగలు గురకవెట్టవట్టె' అనలే? చాప ఒక్కటే, గురక ఒక్కటే. నీ తమ్మునిదైతె అలుపు, నా తమ్మునిదైతె దొంగతనమా?"

పద్మ రొట్టెలు కాల్చడం ఆపి అట్లకాడ చేతికి తీసుకుంది. ఆ పూట పెంటప్ప జొన్నరొట్టె, పల్లీల కారం సిద్ధరాములు ఇంట్లో తిన్నాడు. భార్య పొయ్యి ఆర్పినప్పుడల్లా ఆయనకు అదే ఇల్లు గతి.

పెండ్లిచూపులకు ఆయన్ను తోడు తీసుకుపోవడం పేటవాళ్లు ఎప్పుడో మానేశారు. ఒకచోట పిల్లగాని తండ్రి "పిల్లకు జరంత పొగరున్నట్టుంది" అన్నాడట. ఈయన ఊరుకుంటాడా? "పల్టాయించు! పిల్లగానికి జరంత పొగరున్నట్టుంది" అన్నాడు. అందరూ తలలు తిప్పి పిల్లగాణ్ని చూశారు. తీరా చూస్తే ఉండనే ఉంది. సంబంధం అక్కడికక్కడే చెడింది.

ఇంటా బయటా ఇలా ఉంటే, పేపరు మాట చెప్పాలా? తెల్లారి గుమ్మంలో పేపరు పడిందంటే సిద్ధరాములు గుండెల్లో రాయి పడేది. చాయ్ గ్లాసు పెదవికి తగలకముందే పెంటప్ప వాకిట్లో ఉండేవాడు.

"ఏం తమ్మీ, మనోళ్లు కూలి పెంచమని మగ్గాలు బంద్ పెడితె ఏమని రాసినవు? 'కార్మికుల మొండితనం, మూగబోయిన మగ్గాలు'. మరి సేఠ్‌లు నూలు ధర పెరిగిందని బంద్ పెడితె ఏమని రాసినవు? 'యజమానుల ఆవేదన, మగ్గాలకు విరామం'. మగ్గం గదే, బంద్ గదే. మనం పెడితె మొండితనం, వాళ్లు పెడితె ఆవేదనా? మనకు ఆవేదన రాదా? సేఠ్‌లకు మొండితనం పుట్టదా?"

"నేనేం జేయాలె అన్నా? మా సేఠ్ చెప్పినట్టు రాస్త."

"గదీ రాయి! 'సేఠ్ చెప్పినట్టు' అని పైన చిన్నగ రాసి, కింద ఏమన్న రాసుకో."

సిద్ధరాములుకు ఒళ్లు మండేది. మాట నిజం కావడంతో మరింత మండేది.

తొంభై రెండులో పేటలోని నేత కార్మికుల సంఘానికి అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఒకవైపు పెంటప్ప, ఇంకోవైపు సీతాబాయి. ఆమె పెనిమిటి మగ్గం మీదనే బతికి, మగ్గం మీదనే పోయాడు. ఆయన సభ్యత్వం ఆమెకు వచ్చింది. ఇంట్లో కూచుని బీడీలు చుట్టే మనిషి. కానీ సంఘం మీటింగు జరిగితే చాలు, చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూచునేది. చేతులు బీడీలు చుడుతుంటే నోరు ఒకే ఒక్క ప్రశ్న అడిగేది: "సభ్యులకని సర్కారు చవుకగ ఇచ్చే నూలు ఎవని షెడ్లకు పోతున్నది?"

ఎవడి షెడ్డుకు పోతున్నదో పేటంతా ఎరుగును. హోట్గి రోడ్ మీద బంగళా కట్టిన రాజయ్య సేఠ్ షెడ్డుకు. 'నేత వెలుగు' కూడా ఆయనదే. ఇక చెప్పేదేముంది? పెంటప్పకు నోరెక్కువ, లెక్కల్లో చూపు తక్కువ అని సేఠ్ అంచనా. అలాంటివాడు కుర్చీలో ఉంటే నూలు దారి మారదు. కాబట్టి పేపరంతా పెంటప్పే. ఆయన ఓట్లడగడానికి పోతే 'ఇంటింటా పెంటప్పకు స్వాగతం', ఆమె పోతే 'గుమ్మాలెక్కి దిగుతున్న సీతాబాయి'.

ఆ రోజుల్లోనే ఇంకో ముచ్చట పుట్టింది. పెంటప్ప తన మగ్గం మీద పాతచీర కప్పి, రహస్యంగా ఏదో నేస్తున్నాడు. పద్మను కూడా దగ్గరికి రానివ్వడం లేదు. నేతలో పువ్వులూ పేర్లూ పడటానికి చిల్లులు కొట్టిన కొత్త జకార్డు అట్టలు మగ్గం పైన వేలాడుతున్నాయి కనుక చద్దరులో ఎవరిదో పేరు పడుతోందని మాత్రం తెలిసింది. ఎవరి పేరో అడగాలా? గెలిచినరోజు కప్పుకుని ఊరేగడానికి ఆయన తన పేరే నేసుకుంటున్నాడని పేటంతా నవ్వింది. సిద్ధరాములు కూడా నవ్వి, 'గెలుపు ధీమాలో పెంటప్ప, చద్దరు సిద్ధం' అని హెడ్డింగు పెట్టాడు. దాన్ని మాత్రం పెంటప్ప పల్టాయించలేదు. అదే విచిత్రం.

ఓట్లు పడ్డాయి. సీతాబాయి గెలిచింది.

మర్నాడు పేపరు ఇలా వచ్చింది: 'బీడీలు చుట్టే చేతికి సంఘం తాళాలు!' దాని కింద, 'ఆడవాళ్ల ఓట్లతో గట్టెక్కిన సీతాబాయి, అనుభవజ్ఞుడు పెంటప్పకు నిరాశ'. సేఠ్ చెప్పాడు, సిద్ధరాములు రాశాడు. పక్కింటాయన్ను మెచ్చుకుంటూ రాశాను, ఈ ఒక్క పొద్దన్నా చాయ్ ప్రశాంతంగా తాగొచ్చు అనుకున్నాడు.

పెంటప్ప గోడ దూకి వచ్చాడు.

"ఏందిర ఇది? గట్టెక్కుడేంది? మునుగుతుండెనా ఆమె? ఓట్లేస్తె గెలిచింది! ఆడోళ్ల ఓట్లంట! పల్టాయించు! నేను గెలిస్తె 'మగోళ్ల ఓట్లతో గట్టెక్కిన పెంటప్ప' అని రాద్దువా? 'చద్దర్లు నేసే చేతికి సంఘం తాళాలు' అని రాసి, పక్కన గీ నిలువు గీత గీసి కింద చుక్క పెడుదువా, దొంగ దొరికినట్టు?"

"అన్నా, నిన్ను అనుభవజ్ఞుడని రాసిన గద!"

"నాకేం అనుభవమున్నదిర?"

గోడ అవతలి నుంచి పద్మ కేకేసింది: "బియ్యం తెమ్మంటె గోధుమలు తెచ్చిన అనుభవం!"

"ఇన్నవా? గదీ హెడ్డింగ్. రాయి!"

రెండోనాడు 'ఇల్లు చక్కబెట్టుకుంటూ సంఘం నడపగలరా?' అని వచ్చింది. పెంటప్ప పేపరు పట్టుకుని ఊగిపోయాడు. "నన్నెవడన్న అడిగిండా గీ మాట? నేనెన్నడన్న ఇల్లు చక్కబెట్టిన్నా?" ఎన్నడూ లేదని గోడ అవతలి నుంచి సాక్ష్యం వచ్చింది. మూడోనాడు ఫోటోలు పడ్డాయి. సీతాబాయి తుమ్మబోతున్నప్పటిది. పెంటప్పదేమో నిండుగా, నవ్వుతూ. "ఇది నా పెండ్లి ఫోటోర! బాసింగం కోసేసి ఏసిండ్రు! సిగ్గులేదు మీకు? నేను తుమ్మంగ తీసి ఎయ్యి, ఆమెది పెండ్లి ఫోటో ఎయ్యి, అప్పుడు చూస్త ఎవరు అధ్యక్షుని లెక్క ఉంటరో!"

గెలిచినామెకు లేని బాధ ఓడినవాడికెందుకని సిద్ధరాములు భుజాలు దులుపుకున్నాడు. శనివారం పొద్దున డ్యూటీకి పోతూ సీతాబాయి వాకిలి దాటేదాకా దులుపుకుంటూనే ఉన్నాడు. ఆమె గడపలో కూచుని బీడీలు చుడుతోంది. అతన్ని చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వు రాసింది మా కోడలు సదివి ఇనిపిచ్చింది తమ్మీ," అంది తలెత్తకుండానే. "రేపు ఆయితారం నన్ను కుర్చీల కూసోమన్నరు. కూసోను. తాళాలు వాపస్ ఇచ్చేస్త. నన్ను చూసి నవ్వితె నవ్వనీ, పడి ఉంట. నాకు ఓటేసినోళ్లను చూసి నవ్వవట్టిరి. గది నాతోని కాదు."

"మరి నూలు సంగతి?" అని నోరుజారాడు సిద్ధరాములు.

"ఎవని షెడ్డుకు పోతదో ఆనికే పోతది," అని ఆమె దారం తెంపింది.

ఆ మధ్యాహ్నం పెంటప్ప ప్రెస్సుకే వచ్చాడు. సీతాబాయి మాట ఆయన చెవిన కూడా పడినట్టుంది, మొహం కందగడ్డలా ఉంది. రాజయ్య సేఠ్ గల్లా దగ్గర కూచుని ఉన్నాడు.

"అరె పెంటప్పా, ఏంది గింత గుస్సా? అంత నీ కోసమే గద రాపిస్తున్న!"

"నా కోసమైతె నన్నడిగి రాపియ్యుండ్రి," అంటూ పెంటప్ప అచ్చు బల్ల మీద చెయ్యి వేసి వంగాడు, ఆగిపోయాడు. బల్ల మూలన తాడుతో కట్టి పక్కన పెట్టిన సీసపు అక్షరాల ముక్క ఒకటుంది. అచ్చు అక్షరాలు తిరగేసి ఉంటాయి, బయటివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ చద్దర్ల మీద నేసిన పేర్లను పొద్దస్తమానం వెనకవైపు నుంచి చూసేవాడికి తిరగేసిన అక్షరం ఒక లెక్కా? గడగడా చదివేశాడు.

"'దాజీ పేట్‌లో కొత్త పొద్దు! సంఘం అధ్యక్ష పీఠంపై పెంటప్ప, ఇంటింటా సంబరం.' ఏందిది? నేను ఓడిపోతి గద?"

సిద్ధరాములు ఆ ముక్కను బల్ల వెనక్కి తోశాడు. "నువ్వు గెలిస్తె ఎయ్యాలని ముందే కూర్చి పెట్టినం అన్నా."

"ఆమె గెలిస్తె ఎయ్యాలని ఏం కూర్చిండ్రు?"

ఆమె గెలుస్తుందనుకుంటే కదా కూర్చడానికి!

"పల్టాయించు," అన్నాడు పెంటప్ప. ఈసారి అరవలేదు. "నా పేరు తీసి ఆమె పేరు పెట్టు. గంతే. ఒక్క అక్షరం ఎక్కువైతది."

"నా ప్రెస్సుల నీ పెత్తనమేంది? నడువు!" అని సేఠ్ లేచాడు. పెంటప్ప కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం సేఠ్ హోట్గి రోడ్‌కు బయలుదేరగానే సిద్ధరాములు ఆ సీసపు ముక్క ముందుకు లాగాడు. నౌకరీ పోతే ఏం తినాలన్న భయం ఒకవైపు, దారం తెంపిన ఆ చేతులు ఒకవైపు. తాడు విప్పి, పేరు తీసి, పేరు పెట్టాడు.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. సేఠ్ పేపరును రోకలిలా చుట్టి పట్టుకుని కారు దిగాడు. సిద్ధరాములు ఒక స్తంభం చాటుకు జరిగాడు. కానీ సేఠ్ నోరు తెరిచేలోగా బీడీల ఆడవాళ్లు ఆయన్ను చుట్టేశారు. "సేఠ్, ఎంత మంచిగ రాపిచ్చినవయ్యా! నీ కడుపు సల్లగుండ!" అని సీతాబాయి కోసం తెచ్చిన దండల్లో ఒకటి ఆయన మెడలో వేసేశారు. దండ మెడలో పడ్డాక తిట్టడం ఎవరి తరం? "ఆఁ... మన పేపరు ఎప్పుడూ న్యాయమే గద," అని గొణిగి, స్తంభం వైపు కాల్చేసే చూపొకటి విసిరి ఊరుకున్నాడు.

సీతాబాయి మాత్రం కుర్చీ దాకా రాలేదు. కొంగున కట్టిన తాళాల ముడి విప్పుతూ నిలబడింది. "ఒక్కనాడు మంచిగ రాసిండ్రు. రేపు మల్ల ఏం రాస్తరో..."

అప్పుడు పెంటప్ప చంకలో మూటతో వచ్చాడు. హాలంతా ఆ మూట వైపు మెడలు చాచింది. ఓడినా ఆ చద్దరు కప్పుకునేట్టున్నాడు, ఎంత మొండోడు అనుకున్నారు. ఆయన మూట విప్పి, చద్దరు రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. ఎర్రటి నేల, చుట్టూ తెల్ల పువ్వులు, నడుమ తెల్లటి పెద్ద అక్షరాలు.

"ఏం రాసున్నది?" అంది చదువురాని సీతాబాయి.

"సీతాబాయి అని," అంది కోడలు.

"ఇంకేమున్నది? బీడీలని గీడీలని?"

"ఏం లేదత్తా. నీ పేరొక్కటే."

సీతాబాయి ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగితే తిరిగాయేమో, మనకెందుకు. కొంగుముడి మళ్లీ బిగించి కట్టింది, పోయి కుర్చీలో కూచుంది. పెంటప్ప చద్దరు కప్పాడు. చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి.

"ఓట్లకు ముంగటనే ఈమె పేరు నేసినవా?" అని పద్మ జనంలోంచే గద్దించింది.

"మరి? గెలిస్తె నాకు ఎవలో ఒకలు కప్పుతరు. ఓడితె నేనే గద ఈమెకు కప్పాలె. నాకు అక్కెరకొచ్చేది నేను నేసుకున్న."

"గెలిస్తె ఏం జేస్తుంటివి దీన్ని?" అని స్తంభం చాటు నుంచి సిద్ధరాములు అడిగాడు.

"గప్పుడు గూడ ఈమెకే ఇస్తుంటి," అన్నాడు పెంటప్ప. "ఓడినోళ్లకు చలి జాస్తిగ పెడ్తది తమ్మీ."

సోమవారం తెల్లవారింది. నౌకరీ ఉందో ఊడిందో తెలియకున్నా, ఈ ఒక్క హెడ్డింగుకైనా శభాష్ అంటాడని సిద్ధరాములు వాకిట్లో కూచుని ఎదురుచూశాడు. పెంటప్ప రానే వచ్చాడు. కానీ ఒంటిమీద ఆ చద్దరే ఉంది! వీపు మీద ఇంత పెద్దగా 'సీతాబాయి'.

"అన్నా, ఇదేంది?"

"రాత్రి ఇంటికి పంపింది. 'పల్టాయించన్నా, ఇప్పుడు ఓడింది నువ్వు గద' అని చెప్పి పంపింది. నా మాట నాకే తాకిచ్చింది, ఏం జేయాలె? కప్పుకోకుంటె మాట తప్పినట్టు. గది ఉండనీ. నీ పేపరు సంగతి చెప్పు. 'ఇంటింటా సంబరం' అని రాసినవు?"

"నువ్వు చెప్పినట్టే రాసిన గద!"

"అబద్ధం రాసినవు! మా ఇంట్ల ఏడున్నది సంబరం? వేరే ఆడిమనిషి పేరు వీపు మీద ఏసుకోని పేటంత తిరుగుతనన్ననని మీ వదిన రాత్రి సంది పొయ్యి ముట్టియ్యలే. పల్టాయించు గా హెడ్డింగు," అంటూ పెంటప్ప చద్దరు దగ్గరికి లాక్కుని అరుగు మీద చతికిలబడ్డాడు. "ముందుగాల చాయ్ పొయ్యి."