జరుగుబాటు లేని ఏడాది

మయూర్ విహార్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ప్రతి ఆదివారం మా తెలుగు చర్చి ఆరాధన జరుపుకుంటాం. అక్కడ నా పని తర్జుమా. మాట్లాడేవాళ్ళ పక్కన ఇంకో మైకు పట్టుకుని నిలబడతాను. వాళ్ళు ఒక వాక్యం తెలుగులో చెప్పి ఆగుతారు, నేను దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పి ఆగుతాను. ఢిల్లీలో పుట్టి పెరిగిన మా పిల్లలకి ఇంటి తెలుగు అర్థమవుతుంది గానీ ప్రసంగాల తెలుగు అందదు. వాళ్ళ కోసం, వాళ్ళు వెంటబెట్టుకొచ్చే స్నేహితుల కోసం ఈ ఏర్పాటు. ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఏ మాట ముందు నోటికొస్తే అదే. నాకు పెద్ద మాటలే ముందొస్తాయి.

మొన్న వానాకాలంలో ఒకావిడ సాక్ష్యం చెప్పడానికి లేచారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. నాకంటే పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. కూతురు ఒక ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్ల ఉద్యోగం పర్మనెంటు అయినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలని అక్క ముచ్చట. కూతురు తన వార్డు ఇన్‌చార్జిని కూడా తీసుకొచ్చింది. ఆమె మలయాళీ, తెలుగు రాదు.

“మా ఆయన కంపెనీ మూసేసిన ఏడాది మాకు జరుగుబాటు లేదు” అన్నారు అక్క.

“ది ఫ్యామిలీ వాజ్ డెస్టిట్యూట్” అన్నాను నేను.

హాల్లో అయ్యో అన్నట్టు చిన్న చప్పుడు లేచింది. అది నాకు బాగుందనిపించింది. ఆ తర్వాత అక్క “పాలు సగానికి తగ్గించాం” అంటే పిల్లకి పాలు కూడా లేవన్నాను. “బస్సు మానేసి నడిచేవాళ్ళం” అంటే కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచారన్నాను. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. బాగా చెబుతున్నానన్న నమ్మకంతో నా వంక చూసి తలూపారు.

కొన్ని రోజులకి ఆ కూతురు మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

“అంకుల్, ఆ రోజు ఆప్‌నే క్యా బోల్ దియా? మా ఇన్‌చార్జి మేడమ్ రెండు బ్యాగుల బట్టలు తెచ్చింది. పాతవి. మమ్మీ కోసమంట. డ్యూటీ రూమ్‌లో అందరి ముందూ ఇచ్చింది.”

“మంచి మనసుతోనే ఇచ్చుంటుందమ్మా.”

“హా, మంచి మనసే. డెస్టిట్యూట్ అంటే ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్ళు కదా అంకుల్? వుయ్ వర్ హార్డ్ అప్, డబ్బుకి కటకట, అంతే. నా స్కూలు ఫీజు ఒక్క నెల ఆగలేదు.”

“మరి ఆ బట్టలు ఏం చేశావు?”

“మమ్మీ చూసేసింది. ఏం చెప్పాలో తెలీక ఆల్టరేషన్‌కి ఇచ్చారన్నా. అన్నీ విప్పి మళ్ళీ కుడుతోంది. కొలతలు పంపలేదేంటని రోజూ అడుగుతోంది. సండే మేడమ్ మళ్ళీ వస్తుంది. మమ్మీ తనే వెళ్ళి ఇస్తుందట. కొలతలేవని వచ్చీరాని హిందీలో అందరిలో అడిగేస్తుంది అంకుల్! అప్పుడు మేడమ్ నిజం చెప్పేస్తుంది.”

ఆదివారం లోపు నేనే వెళ్ళి అక్కకి చెప్పాలని అప్పుడే అర్థమైంది. వెళ్ళడానికి మాత్రం వెంటనే అడుగు పడలేదు. ఈలోగా ఆ మాటలు నన్ను పట్టుకున్నాయి. లేమికి ఇంగ్లిష్‌వాడు ఎన్ని మాటలు పెట్టుకున్నాడు! అవన్నీ ఒకటే అనుకుని ఇన్నాళ్ళూ చేతికందింది విసిరాను.

ఆఫీసులో కుర్రాళ్ళు నెలాఖరుకి ‘బ్రోక్’ అంటారు, అంటూనే కాఫీ ఆర్డరు పెడతారు. జీతం వస్తుందన్న ధీమా ఆ మాటలోనే ఉంది. ఫ్లైఓవర్ కింద పడుకునే మనిషిని బ్రోక్ అనడం నేనెప్పుడూ వినలేదు. ‘పూర్’ అన్నిటికీ సరిపోతుంది, జలుబు చేసినవాణ్ణి కూడా పూర్ ఫెలో అంటారు. ‘నీడీ’ అంటే సాయం అవసరమైనవాడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు మా ఆఫీసు అమ్మాయిలు గంటకోసారి మెసేజ్ పెట్టే మగవాణ్ణి అలా అంటున్నారు. ‘ఇండిజెంట్’ ఒక ఆస్పత్రిలో ఉచిత మంచాల బోర్డు మీద చూశానే తప్ప ఎవరి నోటా వినలేదు. ‘అండర్‌ప్రివిలేజ్డ్’ వేదికల మీదే వినిపిస్తుంది.

ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఢిల్లీ ఆవిణ్ణి అడిగాను, పూర్‌కీ డెస్టిట్యూట్‌కీ తేడా ఏమిటని.

“క్యోం సర్, ఇంక్రిమెంట్ రాలేదా?” అని నవ్వి, కాసేపు ఆలోచించింది. “పూర్ అయితే ఇల్లు ఉండొచ్చు, చుట్టాలు ఉండొచ్చు, పెళ్ళికి పిలుస్తారు. డెస్టిట్యూట్‌ని ఎవరు పిలుస్తారు సర్?”

మర్నాడు గడ్డం గీసుకుంటూ ఒక్కో మాటనీ మా నాన్నకి అంటించి చూశాను. ఆయనకీ అలాంటి ఏళ్ళు ఉన్నాయి. పూర్ అన్నాను, నోరు పలికింది, కొంచెం గర్వంగా కూడా పలికింది. హార్డ్ అప్ అన్నాను, అదీ పలికింది. డెస్టిట్యూట్ మాత్రం గొంతు దాటలేదు. మా నాన్నని అనలేని మాట అక్క ఇంటివాళ్ళని ఎంత సులువుగా అనేశాను! అంతకు ముందు ఎంతమంది సాక్ష్యాలకి ఇలా రంగు పూశానో.

శనివారం అక్క ఇంటికి వెళ్ళాను. మిషన్ మీద నీలం కుర్తా ఉంది.

“అక్కా, ఆ బట్టలు కుట్టడానికి ఇచ్చినవి కాదు. మీకే ఇచ్చారు.”

“నాకా? నాకెందుకు?”

చెప్పాను. నేను వాడిన మాట కూడా చెప్పాను.

“దానికి తెలుగేంటి?”

“దిక్కులేనివాళ్ళు.”

మిషన్ ఆగింది. “దిక్కులేకపోవడమేంటి? ఆ ఏడాదే మా ఆడపడుచు కూతురికి ఓణీ పెట్టాను. నువ్వూ వచ్చి గారెలు తిన్నావు!”

“తిన్నాను.”

“తిని ఆ మాటన్నావా?”

“అన్నానక్కా. తప్పయింది. హాలంతా అయ్యో అంటుంటే బాగుందనిపించింది.”

ఆవిడ కుర్తా మడత పెట్టారు, మళ్ళీ విప్పారు. “నేనే అన్నాననుకున్నారు కదా వాళ్ళంతా” అన్నారు మెల్లగా. వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. అక్క దానివైపు తిరిగారు.

“రేపు మళ్ళీ చెబుతాను. పక్కన నువ్వు నిలబడు.”

“మమ్మీ! నాకు తెలుగు పూరా నహీ ఆతా.”

“రానిచోట ఆగి అడుగు. వీడు ఆగలేదు గనకే ఇదంతా వచ్చింది.”

ఆదివారం నేను వెనక వరసలో కూర్చున్నాను. అక్క మొదటి వాక్యం చెప్పారు. కూతురు మైకులోనే అడిగింది, “మమ్మీ, జరుగుబాటు మత్‌లబ్?” అందరూ నవ్వారు.

“ఒకటో తారీఖు మొదలైన ఇంటిని ఆఖరిదాకా లాక్కురావాలి కదే. అది లాగలేకపోయాం.”

ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, “వుయ్ కుడ్ నాట్ పుల్ ది హౌస్ టిల్ ది ఎండ్ ఆఫ్ ది మంత్. వుయ్ వర్ హార్డ్ అప్” అంది. హౌస్‌ని లాగడం ఇంగ్లిష్‌లో ఉందో లేదో నాకు తెలీదు. అందరికీ అర్థమైంది.

అయిపోయాక అక్క ఆ రెండు బ్యాగులూ తీసుకెళ్ళి ఇన్‌చార్జి చేతిలో పెట్టారు. “వేసుకుని చూడమను. బిగుతైతే తెమ్మను” అని కూతురితో చెప్పించారు. ఆమె ముఖం ఎర్రబడింది, అయినా నీలం కుర్తా తీసి అక్కడే భుజాలకి ఆనించి చూసుకుంది. అక్క చెయ్యి చాపి చంక దగ్గర కుట్టు సరిచూశారు.

తర్వాత నా దగ్గరికొచ్చారు. “అది సరిగ్గా చెప్పిందా?”

“చెప్పిందక్కా.”

“నిజం?”

“నిజం.”

తర్జుమాకి మళ్ళీ నన్నే పిలుస్తున్నారు, ఇంకెవరూ దొరక్క. ఇప్పుడు అనుమానం వచ్చిన చోట ఆగి, మాట్లాడేవాళ్ళనే అడుగుతున్నాను. ప్రసంగం పొడవైపోతోందని మా పాస్టరు అయ్యగారు విసుక్కుంటున్నారు.