ఏమీ జరగని మలుపు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా మామ చనిపోయారు. ఎనభై దాటిన మనిషి. ముందురోజు వరకు తన పని తనే చేసుకున్నారు. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగి కూర్చున్నారట. గ్లాసు తీయడానికి వచ్చిన మా అత్త పిలిస్తే పలకలేదు. నేనప్పుడు నల్గొండలో క్లాసులో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి "బాపు పోయిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. పిల్లలను పంపించి, కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే ఆపి, బస్సెక్కాను.

కట్టంగూర్ దగ్గర మా ఊరికి పోయే రోడ్డు మీద మా మామ ముప్పై ఏళ్లకు పైగా గ్యాంగు మేస్త్రిగా పనిచేశారు. గుంతలు పూడ్పించడం, నీళ్లు పోయే మోరీలు తీయించడం, డాంబర్ పోసే రోజు రోలర్ ముందు ఎర్రగుడ్డ పట్టుకుని నడవడం ఆయన పని. సంతకం తప్ప చదువు రాదు. ఇట్లాంటి మనిషి గురించి రాయడానికి ఏముంటుందని మీరు అనుకోవచ్చు. ఆయనైతే తప్పకుండా అనేవారు. కానీ ఆయన తన రోడ్డును ఒక కంప్యూటర్ ఆటలోకి కూడా ఎక్కించారు. ఆ సంగతి తెలిసినవాళ్లు మా ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

తొంభైల చివర, పెళ్లయిన కొత్తలో, నేను నల్గొండలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. చెప్పులు బయట విడిచి లోపలికి రావాల్సిన రోజులవి. క్లాసులు అయ్యాక అందరం కార్ల పందెం ఆట ఆడేవాళ్లం. ఆ ఆటలో కంపెనీ ఇచ్చిన కార్లు, ట్రాకులు కొన్నే. మిగతావి ఆడేవాళ్లే తయారుచేసి ఒకరికొకరు పంచుకునేవారు. ఏ దేశంలోనో ఉన్నవాళ్లు తమ ఊరి వీధినీ, ఇంటి ముందున్న పాత కారునూ ఆటలోకి ఎక్కించి నెట్‌లో పెట్టేవారు. నా తోటి టీచర్ హైదరాబాద్ పోయినప్పుడల్లా వాటిని ఫ్లాపీల్లో నింపుకొచ్చేవాడు. ట్రాకు తయారుచేసే చిన్న ప్రోగ్రాం కూడా అట్లాగే వచ్చింది. రోడ్డును ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ పోవాలి. ప్రతి ముక్కా ఎంత పొడవు, ఎటు తిరుగుతుంది, ఏ అంచు ఎంత ఎత్తు అని అంకెలు ఇవ్వాలి. నాకు కారు నడపడం రాదు. ఆటలో కూడా రాదు, రెండో మలుపుకే గోడకు గుద్దేదాన్ని. అంకెలు ఇవ్వడం మాత్రం చుక్కలు పెట్టి ముగ్గు వేసినంత హాయిగా ఉండేది.

అదే ఏడు మా మామకు కంటి ఆపరేషన్ అయింది. వారానికోసారి దవాఖానలో చూపించుకుని, సాయంత్రం బస్సుకు నాతో పాటు ఊరికి పోదామని సెంటర్‌కు వచ్చి కూర్చునేవారు. కుర్చీ వేస్తే వద్దనేవారు. నల్లద్దాలు పెట్టుకుని, ధోతి సర్దుకుని, గోడ పక్కన నేల మీద కూర్చుని తెర వైపు చూసేవారు. మామ ముందు కోడలు కూర్చునే అలవాటు మా దగ్గర లేదు. అందుకని ఆయన ఉన్నంతసేపు నేను నిలబడే పనిచేసేదాన్ని. వంగి వంగి నా నడుము పడిపోయేది. మూడోవారం కాబోలు, "నిలవడి పనెట్ల జేస్తవ్ బిడ్డా, కూసో" అన్నారు. ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు.

ఆ నల్లద్దాల్లోంచి ఆయన చూసింది కార్లను కాదు, రోడ్లను. మంచుకొండల ట్రాకు, ఎడారి ట్రాకు, పెద్ద పెద్ద మేడల మధ్య ట్రాకు, దేన్ని చూపించినా అడిగే ప్రశ్న ఒక్కటే.

"గీ రోడ్డు మీద నీళ్లు ఏడికి పోతయి?"

ఆటలో వానే పడదని నా తోటి టీచర్ నచ్చజెప్పబోయాడు. ఆయన వినలేదు. మోరి లేదు, అంచున మట్టి లేదు, ఈ రోడ్డు ఒక్క వానకు కొట్టుకుపోతుందని తేల్చేశారు. దేశదేశాల వాళ్లు కష్టపడి చేసిన ట్రాకులన్నీ అట్లా మా సెంటర్లో ఫెయిలయ్యాయి. పిల్లలు కొత్త ట్రాకు రాగానే "మేస్త్రి తాత పాస్ చేస్తడా" అని పందేలు వేసుకునేవారు.

ఇక్కడ మా మలుపు గురించి చెప్పాలి. మా ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు కుడివైపుకు గట్టిగా తిరుగుతుంది. చూడటానికి మామూలు మలుపే. కానీ అక్కడ బండ్లు పడేవి. బత్తాయి లోడు లారీలు పొలంలోకి ఒరిగేవి. మా పెళ్లి బట్టలు కుట్టిన టైలర్ మా పెళ్లయిన రెండో నెలలో స్కూటర్ మీద వస్తూ అక్కడే పోయాడు. మలుపులో ఏదో ఉందని జనం ఒక రాయి పాతి పసుపు పూశారు. కొత్త బండి కొన్నవాళ్లు అక్కడ ఆగి నిమ్మకాయలు కోసేవారు.

మా మామ లెక్క వేరు. ఎన్నోసార్లు డాంబర్ మీద డాంబర్ పోసి పోసి లోపలి అంచు లేచింది, బయటి అంచు కుంగింది. మలుపులో బయటి అంచే ఎత్తుండాలి. అప్పుడే బండి లోపలికి ఒరిగి నిలదొక్కుకుంటుంది. "వాన పడ్డనాడు పోయి సూడు, నీళ్లన్నీ బయటికి పోతయి. నీళ్లు ఎటు పోతె బండి గూడ అటే పోతది," అనేవారు. నౌకరీలో ఉన్నన్నాళ్లు వచ్చిన ప్రతి ఇంజినీరుకూ ఈ మాటే చెప్పారట. చూద్దాం మేస్త్రీ అనేవారట వాళ్లు.

చెప్పి చెప్పి ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం నల్గొండ బస్సు వచ్చే వేళకు రెండు కిలోమీటర్లు నడిచి, మలుపు ముందు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవారు. డ్రైవర్ తిట్టుకుంటూ నెమ్మది చేసేవాడు. బస్సులో ఉన్నవాళ్లు నా వైపు తిరిగి "మీ మామ మల్ల నిలవడ్డడు" అని నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. కిటికీ వైపు చూడకుండా బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించేదాన్ని. ఆ బస్సులో రోజూ వచ్చేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన నిలబడుతున్నది నా కోసం కూడా అన్న ఆలోచన ఆ రోజుల్లో నా బుర్రకు తట్టనే లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన్ను సంతోషపెడదామని మా రోడ్డునే ట్రాకుగా చేశాను. వారం పట్టింది. మోరీలు పెట్టాను, కిలోమీటర్ రాళ్లు పెట్టాను. నా తోటి టీచర్ ఒక అంబాసిడర్ కారును, బత్తాయి లారీని తయారుచేశాడు. లోడు ఎత్తుగా కనబడితే చాలదని, బరువు కూడా పైనే ఉండేట్టు లెక్క కట్టాడు. ఆయన వచ్చిన రోజు లారీని మా మలుపులో తిప్పి చూపించాం. చక్కగా తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆయన తెర దగ్గరికి వచ్చి మలుపును చూశారు. "గిది మన మలుపు గాదు," అన్నారు. "మన మలుపుల గీ లారీ పడాలె."

అప్పుడు చూస్తే తెలిసింది. మలుపు వేయగానే బయటి అంచును ప్రోగ్రామే లేపుతుంది. కావాలంటే మనం ఆ అంకె మార్చుకోవాలి. నేను మార్చలేదు. పోనీలెండి, ఆటలోనైనా బాగుందిగా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నా మీద ఆయన కోపగించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"కాయితం మీద గూడ గట్లనే బాగుంటది బిడ్డా. టైలర్ పడ్డది కాయితం మీద గాదు."

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరం మలుపు దగ్గరికి పోయాం. ఇల్లు కట్టే మేస్త్రీలు నీళ్లు నింపి ఎత్తుపల్లాలు చూసే సన్న పైపు ఒకటి తెచ్చారు. లోపలి అంచున నేను, బయటి అంచున ఆయన పైపు కొసలు పట్టుకుని నిలబడ్డాం. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఎవరి దగ్గర నేల నుంచి ఆ నీళ్లు ఎక్కువ ఎత్తులో ఉంటే ఆ అంచు కుంగినట్టు. పది అడుగులకోసారి కొలిచాం. జానలూ బెత్తెలూ ఆయన చెబుతుంటే సెంటీమీటర్లలోకి మార్చి నోటుబుక్కులో రాసుకున్నాను. బయటి అంచు ఎత్తుండాల్సింది పోయి బెత్తెడు, అంటే నాలుగు వేళ్లంత, కిందికి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారని, భూములు పోతాయని మధ్యాహ్నానికల్లా ఊరంతా పుకారు పాకింది. సాయంత్రం నలుగురు రైతులు మా ఇంటికొచ్చి ఎవరిది ఎంత పోతుందో చెప్పమన్నారు. వాళ్లకు చాయ్ పెట్టలేక మా అత్త మా ఇద్దర్నీ తిట్టింది.

కొత్త అంకెలు ఎక్కించాక లారీ మలుపులో పడింది. మళ్లీ నడిపాం, మళ్లీ పడింది. మెల్లగా పోతే తప్ప నిలబడదు. ఆయన తలూపి "గిదే" అన్నారు. ఆ ట్రాకును నెట్‌లో పెట్టించాం. ఎక్కడెక్కడి వాళ్లో ఈ-మెయిల్లో ఉత్తరాలు రాశారు. మలుపు భయంకరంగా ఉంది, భలే ఉంది, వందసార్లు పడ్డాం అని. నేను పొంగిపోయి చదివి వినిపిస్తే, పడితే సంబరమెందుకని ఆయన నిజంగానే అడిగారు.

మరుసటి నెల మా సెంటర్‌లో ఒక ఇంజినీరు చేరారు. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయని నేర్చుకోవడానికి వచ్చారు. మా రోడ్డు ఆయన కిందిదే అని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మామ వచ్చే రోజు చూసి, పాఠం అయ్యాక ఆట పెట్టి, సార్, ఒకసారి నడపండి అన్నాను. లారీ ఇచ్చాను. ఆయన మలుపులో పడ్డారు. నవ్వి మళ్లీ నడిపారు. నాలుగోసారి పడ్డాక ఇది ఏ ఊరి రోడ్డు అని అడిగారు. చెప్పి, కొలత నోటుబుక్కు ముందు పెట్టాను. తిరగేశారు గానీ, "ఇది ఆట కదమ్మా, దీన్ని పట్టుకుని నేనేం రాయను?" అన్నారు.

మా మామ గోడ పక్క నుంచి లేచి నిలబడ్డారు. "నాలుగుసార్లు పడ్డరు సార్. నాలుగుసార్లు లేశిండ్రు. గాడ పడ్డోళ్లు మల్ల లేవలే."

ఇంజినీరు నోటుబుక్కు మళ్లీ తెరిచి చూశారు. నోటుబుక్కు తీసుకుపోవచ్చా అని అడిగి తీసుకుపోయారు. పది రోజులకు తమ పరికరాలతో వచ్చి కొలిపించారు. మా అంకెలకూ వాళ్ల అంకెలకూ పెద్ద తేడా రాలేదు. ఎండాకాలం డాంబర్ పని వచ్చినప్పుడు మలుపు బయటి అంచు లోపలి అంచు కంటే జానెడు ఎత్తు లేచింది. ఆ పని జరిగిన మూడు రోజులూ మా మామ అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నారు.

ఆ తర్వాత అక్కడ బండి పడలేదు. రాయికి పూజలు చేయడం వల్లే ఆగిందని ఊళ్లో అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటారు. ఒక్కసారన్నా అసలు సంగతి చెప్పొచ్చు కదా అని నేను ఉడుక్కునేదాన్ని. ఎవరి వల్ల ఆగితే ఏంది, ఆగింది గదా అనేవారు మామ.

రోడ్డు బాగయిన వారం సెంటర్‌కు వచ్చి, "గిప్పుడు మార్చు బిడ్డా, ఆటల గూడ," అన్నారు. అంతకుముందు ఎంత అడిగినా ఒప్పుకోని మనిషి. మలుపు మార్చి, అదే రోడ్డును మళ్లీ నెట్‌లో పెట్టించాను. ఎవరూ పట్టించుకోలేదు. చాలా రోజులకు ఒక్క ఉత్తరం వచ్చింది. ఏం రాశారో చెప్పమని మామ అడిగారు. చెప్పడానికి నాకు మనసొప్పలేదు. కానీ ఆయన దగ్గర అబద్ధం ఆడటం కష్టం.

"ఇక్కడ ఏమీ జరగదు అని రాసిండు మామా."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. నల్లద్దాలు తీసి, పంచె కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వారు. "గదే గావాలె," అన్నారు.

ఎర్రగుడ్డ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేశారు. పైపును మాత్రం వదల్లేదు. తర్వాత ఆ రోడ్డు మీద ఎప్పుడు డాంబర్ పోసినా, మర్నాడు పొద్దున ఎవరో ఒకరిని తోడు తీసుకుని పోయి కొలిచి వచ్చేవారు. మొన్న చలికాలం కూడా రోడ్డు వేశారు. అప్పటికి ఆయన అంత దూరం నడవలేకపోతున్నారు. ఆదివారం తీసుకుపోతానని చెప్పాను. ఆ ఆదివారం ఏదో పని పడింది. పై ఆదివారం ఇంకో పని. ఆయన మళ్లీ అడగలేదు.

పదకొండో రోజు చుట్టాలందరూ భోజనాలు చేసి వెళ్లిపోయాక, పశువుల కొట్టంలో మేకుకు వేలాడుతున్న పైపు తీసి నీళ్లు నింపాను. మా ఆయన బండి తీశారు. మలుపు దగ్గర ఆయన్ను లోపలి అంచున నిలబెట్టి, ఈసారి బయటి అంచున నేను నిలబడ్డాను. పది అడుగులకోసారి కొలిచాం. బయటి అంచు జానెడు ఎత్తు, జానెడు, ఒకచోట జానెడు మీద రెండు వేళ్లు. రాయి మీద పసుపు కొత్తగా ఉంది. కొలవడం అయిపోయినా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నల్గొండ బస్సు వచ్చింది. డ్రైవర్ ఎవరో కొత్త కుర్రాడు, మా వైపు చూడలేదు. కిటికీ పక్కన ఒకామె తల ఆనించి నిద్రపోతోంది. బస్సు కాస్త లోపలికి ఒరిగి, మలుపు తిరిగి, ఊరివైపు వెళ్లిపోయింది.