ఈ ఫోన్ ఎవరి చేతుల ఉంటది?

జూలూరుపాడులో చిన్న క్లినిక్ నడిపిన డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. మనం ఫోన్ నంబరు చెప్పగానే పెన్ను ఆపి, "ఈ ఫోన్ ఎవరి చేతుల ఉంటది?" అని అడిగేది. మా వైపు ఆడవాళ్లం, ఎవరు నంబరు అడిగినా భర్త నంబరే చెబుతాం. పరీక్షకు వెళ్లిన నేనూ అదే చెప్పాను.

"మీ నంబరు చెప్పండి. రిపోర్టు ఆ ఫోన్‌కే వస్తది, మీరు పెట్టుకున్న పిన్ కొడితేనే తెరుచుకుంటది."

"నా మొగునికి తెల్వని రహస్యం నాకేముంది మేడం?" అని ఎదురు తిరిగాను. డిగ్రీ చదివినదాన్ని, నాకే పాఠమా!

"రహస్యమని కాదమ్మా. మీ ఒంటి సంగతి ముందు మీరు చదువుకోవాలె."

సణుగుతూనే నా నంబరు ఇచ్చాను. మా ఆయన మంచివాడే కానీ, ఏ మెసేజ్ వచ్చినా చాయ్ హోటల్లో నలుగురికీ గట్టిగా చదివి వినిపిస్తాడు. నా రొమ్ములో గడ్డ గురించి కూడా అట్లాగే చదివేవాడు.

కారేపల్లి బస్సులో ఉండగా రిపోర్టు వచ్చింది. పిన్ కొట్టి తెరిచాను. పైన డాక్టరమ్మ రాసిన మొదటి మాట: "క్యాన్సర్ కాదు." కిటికీ వైపు తిరిగి తనివితీరా ఏడ్చాను.

"ఏమైందక్కా?" అంది పక్క సీటామె.

"ఏం కాలే చెల్లె" అన్నాను.

కళ్లు తుడుచుకొని, ఆ రిపోర్టు కిందే డాక్టరమ్మకు రాశాను: "ఇది మీరే రాసిన్రా, కాంపౌండర్ రాసిండా?"

వెంటనే జవాబు వచ్చింది: "నేనే. ఇంకా కొట్లాడాలంటే సోమవారం రండి."

వాదనలో ఓడిపోయి నేను నవ్వుకున్నది ఆ ఒక్కసారే.