సంగటి ముద్ద జెండా

పోయిన వారం మా జీన్స్ యూనిట్లో కరెంటు పోయింది, జనరేటరు కూడా మొరాయించింది. అరవై కుట్టుమిషన్లు ఒకేసారి ఆగిపోతే వచ్చే నిశ్శబ్దాన్ని విని చాలా ఏళ్ళయింది. మొదట చెవుల్లో గుయ్యిమని రొద. అది తగ్గాక ఎవరివో గాజుల చప్పుడు, ఒక దగ్గు, కిటికీ అవతల బళ్ళారి బస్సు కండక్టరు కేక. కొత్తగా చేరిన అమ్మాయిలు వెంటనే ఫోన్లు తీసుకున్నారు. నేను కత్తిరింపు బల్ల మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడిపోయాను. ఆ నిశ్శబ్దంలో మొదట వినబడాల్సిన గొంతు బాషా మాస్టరుది. ఆయన పోయి చాలా కాలమైంది.

తొంభైల చివర్లో నేను రాయదుర్గం వచ్చి ఈ జీన్స్ యూనిట్లో చేరాను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. వరసగా వానలు తప్పి, నాయన వేసిన వేరుశనగ ఊడలు నేలలోకి దిగకముందే మాడిపోయింది. ఊళ్ళో కూలి పని కూడా లేక పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రం బస్సెక్కి పోయే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్నయ్యాను. మాస్టరుది కత్తిరింపు పని. పొడవాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తితో అన్నిటినీ ఒక్కసారే కోస్తారు. అక్కడ ఒక్క గీత తప్పితే కింద ఉన్న పొరలన్నీ పాడవుతాయి. అందుకే ఆ బల్ల దగ్గరికి మగవాళ్ళను తప్ప ఎవరినీ రానిచ్చేవారు కాదు. మాస్టరు సన్నగా, పొడుగ్గా, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని తిరిగేవారు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మిషన్లు నడుస్తున్నప్పుడు అసలు మాట్లాడేవారే కాదు, కరెంటు పోయాకే ఆయన నోరు విప్పేది.

ఎండాకాలంలో కరెంటు సరిగ్గా అన్నం వేళకు ముందు పోయేది. ఎన్ని కుడితే అంత కూలి కాబట్టి మిషన్ ఆగితే అందరికీ మండేది. కరెంటు వాళ్ళను తిట్టి, వానను తిట్టి, అలసిపోయి చివరికి తిండి గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు మాస్టరు తన కూతురి పాత స్కూలు అట్లాసు పట్టుకొచ్చారు. చివరి పేజీలో ప్రపంచంలోని జెండాలన్నీ ఉన్నాయి.

"ఈ దేశం పేరు గ్రెనడా అంట. యాడుండాదో నాకూ తెల్దు. ఈ పక్క చూడండి, పచ్చటి ముక్కోణంలో జాజికాయ పెట్టుకున్నారు. మనం బిర్యానీలో ఏస్తామే, అదే," అన్నారు.

"జెండాలో తిండి పెడ్తారా మాస్టర్?" అంది లక్ష్మక్క. ఆమె మా అందరిలోకీ పెద్దది, కణేకల్ కాలువ కింది ఊరి మనిషి.

"వాళ్ళు పెట్టుకున్నారు కదమ్మా. మీకు తలా ఒక దేశం ఇచ్చినా అనుకోండి. మీ జెండాలో ఏం పెడ్తారు? తిండే పెట్టాల. కోయంగా మిగిలిన తుండు ముక్కలు ఆడ పడుండాయి, కుట్టి చూపీండి."

మొదట నవ్వుకున్నాం. తర్వాత చేతులు ఊరుకోలేదు. జీన్స్ తుండ్లు, జేబుల్లోకి వాడే తెల్లగుడ్డ, పైకుట్టుకు వాడే పసుపు దారం ఉండనే ఉన్నాయి. లక్ష్మక్క ఆ పసుపు దారంతో వరి కంకి కుట్టింది. మాకు కాలువ ఉండాది అని చెప్పుకోవడం ఆమెకు ఎప్పుడూ ఇష్టమే. ఒకామె ఎర్ర తుండుతో మిరపకాయ, గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన ఇంకొకామె పాలచెంబు పెట్టుకున్నారు. నేను ఎక్కువ ఆలోచించలేదు. మా జిల్లాలో ఎవరినడిగినా చెప్పేది వేరుశనగే కదా. రెండు గింజల కాయ ఒకటి కుట్టి తీసుకుపోయాను.

మాస్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "బాగుండాది పాపా. మీ ఇంట్లో శెనక్కాయలు బాగా తింటారా?"

"తినం మాస్టర్. విత్తనానికి పెట్టుకుంటాం, మిగిలింది మిల్లుకు అమ్ముతాం."

చిన్నప్పుడు విత్తనం మూటలోంచి గుప్పెడు తీసుకున్నందుకు అమ్మ నా వీపు మీద కొట్టిన సంగతి, కొట్టి తనే ఏడ్చిన సంగతి ఎందుకో ఆయనకు చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

"అయితే ఇది ఆ మిల్లోడి జెండా, నీది కాదు. నువ్వు ఏం తిని ఇంతదానివైనావో అది పెట్టు," అని గుడ్డ నా చేతికిచ్చేశారు.

నేను తిని పెరిగింది రాగి సంగటి. ఆ రోజుల్లో నేను దాన్ని దాచుకుని తినేదాన్ని. పట్నం అమ్మాయిలు అన్నం తెచ్చుకునేవారు. నేను గోడవైపు తిరిగి, గిన్నె మూత అడ్డం పెట్టుకుని, ముద్ద గబగబా మింగేసేదాన్ని. ఆ సంగటిని తెచ్చి అందరి ముందూ జెండాలో పెట్టడమా? రెండు రోజులు ఏమీ కుట్టలేదు. మాస్టరూ అడగలేదు. మూడో రోజు కరెంటు పోయినప్పుడు ముదురు కాఫీరంగు గుడ్డ తీసుకుని, గుండ్రంగా కత్తిరించి, జీన్స్ తుండు మధ్యలో అతికించి కుట్టాను.

"ఇది జపానోళ్ళ జెండా కదే సుంకమ్మా! సూర్యునికి మసి పూసినావా?" అని లక్ష్మక్క పడీపడీ నవ్వింది.

"సూర్యుడు కాదక్కా, ముద్ద," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నవ్వు ఆగిపోయింది. మాస్టరు అట్లాసు తీసి జపాన్ జెండాను, నాదాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. "వాళ్ళు మాత్రం సూర్యుడని చెప్తాండారు. తినేది ఏందో ఎవరికి తెల్సు," అన్నారు. ఈసారి అందరితో పాటు నేనూ నవ్వాను. ఆయన దాన్ని గుండుసూదితో గోడకు గుచ్చారు. ఆ మధ్యాహ్నం నేను గోడవైపు తిరగలేదు. లక్ష్మక్క తన అన్నం గిన్నెతో వచ్చి నా పక్కన కూర్చుని, "రోంత ముద్ద ఇట్ల పెట్టు, నోరూరతాంది," అంది. ఇంకో ఇద్దరు తమ గిన్నెల మూతలు తీశారు. వాటిలోనూ సంగటే.

మాస్టరు చూసింది జెండాను మాత్రమే కాదని సాయంత్రం తెలిసింది. "ఆ గుండ్రం దేంతో గీసినావ్?" అని అడిగారు. గీయలేదు, కత్తెర తిప్పాను అన్నాను. ఆయన ఒక డబ్బా మూత తెచ్చి దాని మీద పెట్టారు. ఎక్కడా తేడా లేదు. మరుసటి వారం నన్ను కత్తిరింపు బల్ల దగ్గరికి పిలిచారు. ఓనరు ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు ఆ కత్తి ఇస్తావా?" అన్నాడు. "దాని చేయి నా చేయి కంటే నిదానం," అని మాస్టరు పట్టుబట్టారు.

చివరికి ఓనరు ఒప్పుకున్నాడు. నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు ఒక లాటు ప్యాంట్లకు పొరలు పరిచి, నమూనా అట్ట పెట్టి గీసి, కోసేశాను. కుట్టేవాళ్ళు తీసుకున్నాక బయటపడింది. అన్నీ ఎడమ కాళ్ళే. కుడి కాలికి అట్ట తిరగేసి పెట్టాలి. నేను మరిచిపోయాను. ఓనరు వచ్చి అరుస్తుంటే మాస్టరు ముందుకొచ్చి, "గీసింది నేనే. కండ్లు మసక కొడ్తాండాయి," అన్నారు. అరవైమంది ముందు ఆ పెద్దమనిషిని ఓనరు ముసలోడా అన్నాడు. నేను పక్కనే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లవారి ఓనరు గదిలోకి పోయి, తప్పు చేసింది నేనని చెప్పాను. ఆయన నన్ను తిరిగి మిషన్ దగ్గరికి పంపేశాడు. మాస్టరుకు అంత కోపం రావడం నేను మళ్ళీ చూడలేదు.

"నీ కోసం అబద్ధం చెప్పినా అనుకున్నావా? నువ్వు దిగిపోతే ఈ బల్ల కాడికి ఇంకో ఆడపిల్లని రానిస్తారా?"

"మిమ్మల్ని ముసలోడా అన్నాడు మాస్టర్. నేను విని ఊరకున్నా."

ఆయన ముఖం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయారు. పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు ఓనరును నా మిషన్ దగ్గరికి తెచ్చి నిలబెట్టి అన్నారు: "ఇన్నేండ్ల సర్వీసులో తప్పు నాదని తనంతట తానే చెప్పినోళ్ళు ఈ పాప తప్ప నాకు ఇంకెవరూ కనపడలే. గుడ్డ ఇట్లాటోళ్ళ చేతిలో పెట్టాల." ఓనరు సరే అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మళ్ళీ బల్ల ఎక్కాను.

కొన్నేళ్ళకు మాస్టరు నిజంగానే చూపు తగ్గి పని మానేశారు. జబ్బు పడ్డారని తెలిసి లక్ష్మక్కతో కలిసి చూడబోయాను. మంచం మీద లేచి కూర్చుని, అందరి జెండాలూ పేరుపేరునా గుర్తు చేసుకున్నారు.

"మీ జెండా ఏందో మీరు చెప్పనే లేదు మాస్టర్. బిర్యానీనేనా?" అంది లక్ష్మక్క.

"నేను చిన్నోనిగా ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చినాది. సర్కారోళ్ళు గంజి పోస్తాంటే మా అమ్మ నన్ను ఎత్తుకొని వరసలో నిలబడేది. నాది గంజి జెండా. కుట్టే పనే లేదు, తెల్ల గుడ్డ చాలు."

"తెల్ల జెండా చూస్తే ఓడిపోయినారు అనుకుంటారు మాస్టర్," అన్నాను.

"అనుకోనీ పాపా. మేం బతికినాం," అన్నారు.

ఇప్పుడు ఈ బల్ల దగ్గర నాతో పాటు ముగ్గురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వాళ్ళలో ఎవరికీ మాస్టరు తెలియదు. ఆయన నాకు నేర్పిన కత్తిరింపు సగం పాతబడింది, యంత్రాలు వచ్చాయి. పాతబడనిది ఒకటి నా దగ్గర మిగిలింది. మొన్న నా లెక్క తప్పి ఒక లాటు పొట్టిదైపోయింది. ఇప్పుడు యూనిట్ చూసుకుంటున్న ఓనరు కొడుకు, ఎవరు చేశారని అడిగేలోపే నేను ఆయన గదికి వెళ్ళి నేనే అని చెప్పాను. కొంచెం సేపు అరిచాడు. విని, తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ ముగ్గురి మధ్య కూర్చుని సుఖంగా అన్నం తిన్నాను.