పాప వాటా పాయసం

ఏళ్ల తరబడి ఇతరుల మూత్రం సీసాలకు చీటీలు అంటించినదాన్ని. అనంతపురంలో, ఆ తర్వాత హైదరాబాద్‌లో, పొద్దున్నే ట్రే పట్టుకుని మంచం మంచానికీ తిరిగి, మొదట వచ్చేది వదిలేసి మధ్యది పట్టండి అని గొంతు చించుకున్నదాన్ని. అలాంటి నాకు ఆక్లండ్‌లో ఒక తెల్లావిడ ప్లాస్టిక్ కప్పు చేతికిచ్చి, ఎలా పట్టాలో చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెబుతుంటే ఒళ్లు మండిపోయింది. నాకు మొదట్నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా నోరు మూసుకుని విన్నాను. నా కూతురు నా దగ్గరికి ఎప్పుడు వస్తుందన్నది ఆ కప్పు మీదే ఆధారపడి ఉంది మరి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఇండియాలో ఎంత పెద్ద నర్సువైనా న్యూజిలాండ్‌లో మళ్లీ మొదట్నుంచి నిరూపించుకోవాలి. కొన్ని వారాలు క్లాసులు, ఆ తర్వాత ఆసుపత్రిలోనో, ముసలివాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లోనో సీనియర్ నర్సు కనుసన్నల్లో పని. దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అదయితే రిజిస్ట్రేషన్, రిజిస్ట్రేషన్ వస్తే ఉద్యోగం, ఉద్యోగం వస్తే మొగుడికీ బిడ్డకూ వీసా. మా ఆయన మా మేనమామ కొడుకే. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. మూడేళ్లు కూడా నిండని పాపను బావ చేతికీ అత్త ఒడికీ అప్పగించి విమానం ఎక్కాను. దసరాకల్లా ముగ్గురం ఒకచోట ఉంటామని అనుకున్నాం.

మౌంట్ రాస్కిల్‌లో ఒక పాత చెక్క ఇంట్లో గది దొరికింది. పక్క గదిలో హైదరాబాద్ అమ్మాయి ఉండేది. పగలు చదువు, సాయంత్రం డెయిరీలో పని. అక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మలుపులో ఉండే చిల్లర కొట్టు. ఆ పిల్ల నన్ను అక్కా అనేది, నా కోపానికి భయపడేది కాదు. అందుకే మా ఇద్దరికీ పొసగింది.

బెంగ అనేది పిల్లలకు వచ్చే జబ్బు అనుకునేదాన్ని. వార్డులో తల్లి కోసం ఏడ్చే పిల్లల్ని చూసి, రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే అని ఎందరు తల్లులకు చెప్పి పంపానో. నాకు సర్దుకోలేదు. బస్సులో ఎవరి బిడ్డయినా నా పక్కన కూర్చుంటే ఆ నెత్తి వాసనకే మనసు ఎటో పోయేది, దిగాల్సిన స్టాపు దాటిపోయేది. ఫోన్ కార్డు మీది నంబర్లన్నీ నొక్కి, లైన్ కలిసి, పాపను పిలవమంటే అది అందకుండా పరిగెత్తేది. మీ అమ్మ ఏదే అని వీధిలో ఎవరైనా అడిగితే ఫోన్ ఉన్న బల్ల వైపు వేలు చూపిస్తోందని బావ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చాను.

ప్లేస్‌మెంట్ దగ్గరపడ్డాక మా టీచరమ్మ చెప్పింది, మమ్మల్ని పంపబోయే రెస్ట్ హోమ్ వాళ్లకు పోలీసు చెక్, క్షయ పరీక్షలతో పాటు డ్రగ్ స్క్రీనింగ్ కూడా కావాలని. అన్ని చోట్లా అడిగేవారు కాదు, వీళ్లు అడిగేవారు. క్లాసులో ఒకరిద్దరు మొహాలు మాడ్చుకున్నారు. నాకు మాత్రం తప్పనిపించలేదు. మార్ఫిన్ ఉండే బీరువా తాళాలు చేతికిచ్చేముందు ఆ చేయి ఎలాంటిదో చూసుకోవద్దా? అసలు నా ధీమా ఏమిటంటే, నేను కాఫీ కూడా పొద్దున ఒకసారే తాగేదాన్ని. పైగా ఆ వారమంతా జలుబుతో ముక్కు దిబ్బడ వేసింది. పక్కగది పిల్ల దగ్గుమందు ఇవ్వబోతే, అందులో ఏముంటుందో ఏమోనని సీసా వెనక్కి ఇచ్చేశాను. మిరియాల కషాయంతో సరిపెట్టుకున్నాను. అంత జాగ్రత్త నాది.

పరీక్ష సోమవారం. ముందురోజు ఆదివారం పాప పుట్టినరోజు.

మా సీమ ఇళ్లలో పుట్టినరోజుకు కేకు ఉన్నా లేకపోయినా గసాల పాయసం ఉండాలి. గసాలు దోరగా వేయించి, కొబ్బరి, కాసిన్ని నానబెట్టిన బియ్యం వేసి మెత్తగా రుబ్బి, బెల్లం, పాలు పోసి కాచేది. మా పాపకు ప్రాణం. గిన్నెలోంచి తాగుతూ తాగుతూనే మూతి చుట్టూ తెల్లటి మీసంతో అత్త భుజం మీద నిద్రపోయేది. సాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ల కొట్లలో గసాలు దొరికాయి. అక్కడ అమ్మ లేని పుట్టినరోజు, ఇక్కడ బిడ్డ లేని పుట్టినరోజు. ఊరికే కూర్చోలేకపోయాను. ఎప్పుడూ ఇంట్లో వేసే కొలతే వేశాను, చేయి అలవాటు. పక్కగది పిల్లకు ఒక గరిటె పోస్తే, రుచి చూసి, ఇసుక నమిలినట్టుందక్కా అని పక్కన పెట్టేసింది. ఫోన్ చేస్తే పాప బెలూన్ల గొడవలో ఉంది, రాలేదు. రానంటే రానంది. నేను ఫోన్ పెట్టేసి నా గిన్నె తాగాను. తర్వాత పాపకు పోసినట్టు ఇంకో చిన్న గిన్నెలో పోశాను. కాసేపు ఎదురుగా పెట్టుకుని చూశాను. అదీ తాగేశాను. అడుగంటినది కూడా గీరి తినేశాను. ఆకలేం కాదు.

మర్నాడు పొద్దున కప్పు పట్టుకుని నిలబడింది ఆ పొట్టతోనే. ఎలా చేస్తారో చెప్పాలి, మనం అనుకున్నంత తేలిక కాదు. పాస్‌పోర్టు చూసి మొహం పోల్చుకున్నారు. బ్యాగు, కోటు బయటే పెట్టించారు, జేబులు తిప్పి చూపించమన్నారు. ముందే చేతులు కడిగించారు, లోపల కుళాయి కట్టేశారు. లెట్రిన్‌లో నీళ్లకు నీలం రంగు కలిపారు, ఎవరూ ఆ నీళ్లు తీసి కప్పులో పోయకుండా. నేను బయటకు రాగానే కప్పు అంచున ఉన్న చిన్న పట్టీ మీద వేడి ఎంతుందో చూసింది ఆవిడ. అప్పుడే వచ్చిందా, ఎవరిదైనా దాచి తెచ్చిందా అని. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నేను పేషెంట్ల దగ్గర ఎప్పుడైనా ఇంత నెమ్మదిగా మాట్లాడానా అని కూడా అనిపించింది. ఆవిడ లవ్, లవ్ అంటూనే ఉంది. అక్కడ పెద్దవయసు ఆడవాళ్లు కూరగాయలు తూచేటప్పుడు కూడా అలాగే పిలుస్తారు.

తర్వాత నా కళ్లముందే అందులో ఒక పట్టీ ముంచింది. వరసగా మత్తుమందుల గళ్లు. గీత వస్తే మంచిది, రాకపోతే అనుమానం. గర్భం పరీక్షకు సరిగ్గా తిరగేసి అన్నమాట. గీతలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ఒక గడిలో తేలలేదు. అది మార్ఫిన్ జాతి మందుల గడి. ఇద్దరం దాని వంకే చూస్తూ కూర్చున్నాం. తేలలేదు.

పాజిటివ్ అని ఆవిడ అనలేదు. 'నాన్ నెగటివ్' అంది. అంటే ఇక్కడితో తేల్చం, ల్యాబ్‌కు పంపి పెద్ద యంత్రంలో చూస్తాం, అప్పటిదాకా ఏమీ అనం అని. నేను నర్సును, ఆ మాత్రం మర్యాద వెనక ఏముంటుందో తెలియదా? మరుక్షణమే పాయసం గుర్తొచ్చింది. నల్లమందు తీసేదీ ఆ కాయలోంచే, గసాలు వచ్చేదీ ఆ కాయలోంచే. చదువుకున్నదాన్నే. కానీ పాయసం గిన్నె ముందు కూర్చున్నప్పుడు ఎవరికి గుర్తొస్తుంది? గబగబా చెప్పుకొచ్చాను. ఆవిడ తలాడిస్తూ, చాలామంది గసాలు చల్లిన మఫిన్ కేకు తిన్నామంటారు లవ్ అంది. వెటకారం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ కోసింది. మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, సీలు మీద నాచేత సంతకం పెట్టించింది.

ఫలితం వచ్చేదాకా ప్లేస్‌మెంట్‌కు రావద్దన్నారు. సరిగ్గా అప్పుడే ఈస్టర్ సెలవులు పడ్డాయి. ఆ దేశంలో సెలవంటే సెలవే, ల్యాబ్‌లో యంత్రం కూడా పడుకుంటుందేమో. నా తోటివాళ్లు కొత్త తెల్లబూట్లు కొనుక్కుంటుంటే నేను కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను. పక్కగది పిల్ల డెయిరీ నుంచి వచ్చి విషయం విని, "గంత పాయసం ఒక్కదానివే తాగినవా అక్కా?" అని నోరు వెళ్లబెట్టింది. మళ్లీ నా మొహం చూసి, ఏమనుకుందో, వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది.

సెలవులయ్యాక డాక్టరు ఫోన్ చేశాడు. ఇలాంటి ఫలితాల్ని చూడటానికి ల్యాబ్ వాళ్లకు ఒక డాక్టరుంటాడు. యంత్రం మార్ఫిన్ ఉందని చెబుతుంది కానీ, అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు. ఆ సంగతి మనిషిని అడిగి తేల్చుకోవాల్సిందే. ముసలి గొంతు, తొందర లేని గొంతు. ఎన్ని గసాలు వేశానని అడిగాడు. కప్పు నిండా అన్నాను. కప్పా, చెంచానా అని మళ్లీ అడిగాడు. కప్పే అన్నాను. ఎలా చేస్తారో మొత్తం చెప్పమంటే, వేయించడం దగ్గర్నుంచి యాలకుల దాకా చెప్పాను. రాసుకుంటున్నట్టున్నాడు.

"అది ఎంతమందికి సరిపోతుంది?" అని అడిగాడు.

"మా ఇంట్లో అందరికీ."

"ఆ రోజు ఎవరెవరు తిన్నారు?"

"నేను."

"మిగతావాళ్లు?"

"ఎవరూ లేరు. మా పాప పుట్టినరోజు. పాప ఇండియాలో ఉంది. దాని వాటా కూడా నేనే తిన్నాను."

పాపకు ఎన్నేళ్లు అని అడిగాడు. ఆ రోజుకే మూడు నిండాయన్నాను. పరీక్షకు సంబంధం లేని ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. గసాల జోలికి పోకుండా ఉండి ఇంకోసారి సీసా ఇమ్మన్నాడు. ఇచ్చాను. అదే గది, అదే ఆవిడ, నీలం నీళ్లు. ఈసారి గీతలన్నీ తేలాయి. నా మీద ఏ మచ్చా లేదని కాగితం వచ్చింది.

కాగితమైతే వచ్చింది కానీ ప్లేస్‌మెంట్ పోయింది. నా చోటు వేరేవాళ్లకు ఇచ్చేశారు. రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ల అవసరాలు నా కాగితం కోసం ఆగవు కదా. వచ్చే బ్యాచ్‌లో నీదే మొదటి పేరు అన్నారు. టీచరమ్మ క్షమించమంది, రెస్ట్ హోమ్ మేనేజరు క్షమించమంది, కప్పు ఇచ్చినావిడ నా చేయి నిమిరింది. ఎవరి పని వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశారు. తిట్టిపోసుకుందామంటే ఒక్క మనిషి దొరకలేదు నాకు. కోపమంతా ఎక్కడికీ పోలేక లోపలే ఉండి ఏడుపైపోయింది.

బావకు ఫోన్ చేసి చెబితే మొదట నమ్మలేదు. గసాలు తింటే పరీక్ష పోవడమేంది, వేళాకోళమా అని పెద్దగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

"అట్లయితే దసరాకు రాలేమా మేము?" అన్నాడు.

"లేదు బావా."

"సరేలే. నువ్వు బెంగ పెట్టుకోవద్దు. పాప బాగానే ఉండాది. నిన్ను అడగను కూడా అడగడంలా."

నాకు ధైర్యం చెప్పాలనే అన్నాడు పాపం. అడగడం లేదట. అడిగి, ఏడ్చి, మారాం చేస్తుంటే నాకు ఇంత దిగులుండేది కాదు. చలికాలమంతా ముసలమ్మల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించే పని చేశాను. వాళ్ల తడి జుట్టు తుడుస్తూ, ఇప్పుడు దానికి జుట్టు ఎంత పెరిగిందో, ఎవరు దువ్వుతున్నారో అనుకునేదాన్ని. ఫోటోలు వచ్చేవి. ఫోటో వచ్చేసరికే పాప ఇంకాస్త పెరిగిపోయి ఉండేది.

తర్వాతి బ్యాచ్‌లో ప్లేస్‌మెంట్ అయింది. రిజిస్ట్రేషన్ వచ్చింది, హెండర్సన్‌లో ఉద్యోగం వచ్చింది, వీసాలూ వచ్చాయి. దసరా కాస్తా ఉగాది దాటింది.

తెల్లారేసరికే ఎయిర్‌పోర్టుకు వెళ్లి అడ్డుకమ్మీల మొదట్లో నిలబడ్డాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మునివేళ్ల మీద లేచి చూస్తున్నాను. చివరికి బావ వచ్చాడు, ట్రాలీ తోసుకుంటూ, బాగా చిక్కిపోయి. పెట్టెల మీద పాప కూర్చుని ఉంది. రెండు జడలు, కాళ్లకు సాక్సులు, ఒళ్లో చిన్న సంచీ. బొద్దు బుగ్గలు పోయాయి. అచ్చం అత్త మొహం. నేను పరుగున వెళ్లి ట్రాలీ ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపాను.

"ఎవరో సూడు పాపా," అన్నాడు బావ.

పాప నన్ను చూసింది. భయపడలేదు, ఏడవలేదు. కొత్త ఊళ్లో పెద్దవాళ్లు ఎవరు కనబడినా బుద్ధిగా ఉండాలని వాళ్ల అవ్వ నేర్పి పంపిందట. సంచీ జాగ్రత్తగా పక్కన పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, "నమస్తే ఆంటీ," అంది.

ఎత్తుకోబోయిన చేతులు అక్కడే ఆగిపోయాయి. వాటిని అలాగే దగ్గరకు చేర్చి, నేనూ నమస్తే పెట్టాను.