చైనా పిల్లకి గొప్పలు నేర్పాను

మా ఊళ్ళో నాకు నోరు ఎక్కువని పేరు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఆ మాటే అని వెళ్ళిపోయారు. పోతే పోయారు, వాళ్ళలో ఒక్కడికీ నాతో మాట్లాడి నెగ్గే సత్తా లేదు. అలాంటి నోరు దోహా వచ్చాక మూతబడింది. పగలంతా ఆఫీసులో బిల్లులు టైపు చేయడం, సాయంత్రం అల్ హిలాల్‌లో గదికి చేరడం. గదంటే గది కాదు, ఒక విల్లా హాలుని చెక్కలతో మూడు ముక్కలు చేసి అద్దెకిచ్చారు, అందులో ఒక ముక్క నాది. చెక్కకి అవతల ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. ఆమె దగ్గు నాకు బాగా తెలుసు, ముఖం మాత్రం సరిగా తెలియదు. శుక్రవారం మెసైమీర్‌లో తెలుగు చర్చి ఆరాధనకి వెళ్ళేదాన్ని. "వందనాలండీ", "బాగున్నారాండీ" అయ్యాక ఎవరి కారు వాళ్ళది, ఎవరి పిల్లలు వాళ్ళవి. నాకు ఒంటరిగా ఉందని ఎవరికీ చెప్పలేదు. ఇంత నోరున్నదానికి ఒంటరితనమేమిటని నవ్వుతారని నా భయం.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఇంకో ఏడాది ఉందనగా మా మేనేజరు పిలిచి ఒక సంగతి అడిగాడు. ఆయనకి తెలిసిన చైనా ఇంజనీరు ఒకాయన స్టేడియం పని మీద వచ్చి, భార్యతో, కూతురితో మదీనత్ ఖలీఫాలో ఉంటున్నాడు. ఆ కూతురికి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలి. నేను పాలకొల్లు దగ్గర కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పినదాన్నని మేనేజరుకి గుర్తుంది. "చేస్తారా?" అన్నాడు. ఆలోచించనైనా లేదు, సరేనన్నాను. వారానికి మూడు సాయంత్రాలు ఎవరితోనో మాట్లాడొచ్చు, అంతకంటే ఏం కావాలి?

నన్ను తీసుకెళ్ళడానికి ఇంజనీరు కంపెనీ పికప్ వచ్చేది. డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. ఎక్కగానే మొదలుపెట్టేవాడు.

"అక్కా, చీనోళ్ల పోరికి నువ్వు ఇంగ్లీష్ జెప్పుడేంది? రేపు ఆ పోరి గూడ మీ గోదారోళ్ల లెక్క 'ఆయ్' అంటది, సూడు."

"నువ్వు ముందు రోడ్డు చూసి నడుపవయ్యా బాబూ. మళ్ళీ డైవర్షన్‌లో దూరావు."

"నేనేం జెయ్యాలె? నిన్న గీ రోడ్డు ఉండె, ఇయ్యాల తవ్వి పెట్టిన్రు. మా అవ్వనేమో ఫోన్ జేసి, దుబాయ్ల కప్పు ఆట ఎప్పుడురా అంటది. ఖతార్ అంటె ఇనది. యల్లా, అటుకెల్లి పోదాం."

ఊరంతా తవ్వి పోసి ఉన్న ఆ రోజుల్లో దారి ఎంత చుట్టు తిరిగితే నాకు అంత సంతోషం. కాసేపు ఎక్కువ తెలుగు వినొచ్చు.

ఇక ఆ పిల్ల. పద్నాలుగేళ్ళది, కళ్ళజోడు, బక్కపలచని మనిషి. ఇక్కడ ఏ బడిలోనూ చేర్పించలేదు. చైనా పాఠాలే కంప్యూటర్‌లో వింటూ, బయటికి పోకుండా రెండేళ్ళు ఆ ఇంట్లోనే పెరిగింది. స్నేహితులు లేరు. స్టేడియం పని అయిపోతే తండ్రి కాంట్రాక్టూ అయిపోతుంది, అందరూ తిరిగి చైనా వెళ్ళిపోవాలి. అక్కడేమో హైస్కూలు సీటు కోసం పిల్లలు గొంతులు కోసుకునేంత పోటీ. రెండేళ్ళు వెనకబడ్డ ఈ పిల్లని ఆ పోటీలో ఎవరూ నిలబడనివ్వరని తండ్రి భయం. అందుకని న్యూజిలాండ్‌లో ఒక ఆడపిల్లల హాస్టలు బడి చూసుకున్నారు. సీటు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలి. బయటి దేశాల హైస్కూళ్ళకు వెళ్ళే చైనా పిల్లల కోసమే పెట్టిన పరీక్ష అది. చదవడం, వినడం, రాయడం అయ్యాక చివర్లో ఎవరో దొరసాని తెర మీదికొచ్చి పిల్లతో కబుర్లాడుతుంది. ఆ కబుర్ల వీడియో నేరుగా బడికి పోతుంది. మార్కులు ఎన్నయినా రానీ, వాళ్ళు ఆ వీడియో చూసే సీటిస్తారు.

పిల్ల అప్పటికే ఒకసారి ఆ పరీక్ష రాసింది. రాతలో మంచి మార్కులే. వీడియో చూసిన బడివాళ్ళు మాత్రం, మీ అమ్మాయి గురించి మాకేమీ తెలియలేదు, ఇంకోసారి ప్రయత్నించండి అన్నారు. నాకు ఆ వీడియో చూపించారు. దొరసాని నవ్వుతూ "నీకు ఏవేం బాగా వచ్చు?" అని అడిగింది. పిల్ల తల వంచుకుని, "నాకేమీ బాగా రాదు. నా ఇంగ్లీషు చాలా చెడ్డది. నేను మామూలు విద్యార్థిని. కష్టపడతాను," అంది. దొరసాని ఎటు నుంచి నరుక్కొచ్చినా అదే జవాబు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మర్నాడే తల్లితో, "మీ పిల్ల తెలివైనదండీ, చక్కగా మాట్లాడగలదు," అన్నాను. తల్లికి వచ్చిన ఇంగ్లీషు గుప్పెడు. రెండు చేతులూ అడ్డంగా ఊపేసి, "నో, నో. లేజీ. వెరీ స్టుపిడ్," అంది. పిల్ల పక్కనే నిలబడి, నిజమేనన్నట్టు తలూపింది. అప్పుడర్థమైంది. పెద్దవాళ్ళ ముందు తన గురించి తాను మంచి చెప్పుకోకూడదు, వాళ్ళ పద్ధతి అది. మనకి మాత్రం లేదా? ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మా అమ్మ "ఏం తెలివి లెండి, మొద్దు" అనేసేది. ప్రార్థన చేసుకునే ఇల్లే అయినా దిష్టి భయం దిష్టి భయమే. తేడా ఏమిటంటే మా ఊళ్ళో ఆడవాళ్ళు అణకువ చూపిస్తే, ఆ లోటంతా మగవాళ్ళు గొప్పలు చెప్పి పూడ్చేస్తారు.

"నీకు ఇంగ్లీషు నేర్పక్కర్లేదు. గొప్పలు చెప్పడం నేర్పుతాను," అన్నాను.

"అది తప్పు కదా టీచర్?"

"తప్పే. పరీక్ష అయ్యేవరకు చెయ్యి, తర్వాత మానేద్దువుగాని."

మా మేనమామ గొప్పలతో మొదలుపెట్టాను. ఆయన సైకిల్ బెల్లు కొడితే గోదారి అవతలి ఒడ్డున పంటు బయల్దేరకుండా ఆగిపోయేదట, ఈయన వస్తున్నాడని. పిల్లకి పంటు అంటే ఏమిటో, పడవ మీద జీపులూ గేదెలూ మనుషులూ కలిసి ఏరు ఎలా దాటతారో బొమ్మ గీసి చూపించాను. ఆమె బొమ్మలో పంటు వంక చూసి, పక్కన గీసిన సైకిల్ వంక చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. వంటింట్లోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు కొత్తలా ఉంది.

ఆపైన రోజూ అదే ఆట. ముందు ఇద్దరం తలా ఒక అబద్ధపు గొప్ప, ఆ తర్వాత తలా ఒక నిజమైన గొప్ప చెప్పుకోవాలి. అబద్ధాల్లో పిల్ల చకచకా ముందుకెళ్ళింది. వాళ్ళమ్మమ్మ చేసే నూడుల్స్ ఎంత పొడుగంటే, ఒక కొస నోట్లో పెట్టుకుని బడికి వెళ్ళొచ్చట. నిజం దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోయేది. ఒక సాయంత్రం చాలాసేపు ఆలోచించి అంది.

"బయట లారీ వెళ్తుంటే, చూడకుండానే అది ఖాళీదో మట్టి నింపుకున్నదో చెప్పగలను. ఎప్పుడూ తప్పదు."

"ఎలా వచ్చింది నీకది?"

"రోజంతా వినడానికి వేరే ఏమీ ఉండదు కదా."

"శభాష్, ఇది గొప్పంటే," అన్నాను. ఇక నా వంతు. జ్వరమొచ్చినా ఎవరికీ తెలియనివ్వకుండా నా అంతట నేనే తగ్గించుకుని డ్యూటీకి వెళ్ళిపోతానని, ఎన్నోసార్లు అలా చేశానని చెప్పాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని నన్నే చూసింది.

"టీచర్, మీరు మాత్రం దీన్ని పరీక్షలో చెప్పకండి. బాగాలేదు," అంది.

వెధవది, నన్నే దిద్దడం మొదలుపెట్టింది. పికప్‌లో తిరిగి వస్తూ అది తలుచుకుని నవ్వుకున్నాను. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఈ పిల్ల బాగా మాట్లాడితే వెళ్ళిపోతుంది. బాగా మాట్లాడేట్టు చేస్తున్నదాన్ని నేనే. "ఏమైందక్కా, సప్పుడు జేస్తలెవ్వు?" అన్నాడు డ్రైవరు. దుమ్ము గొంతులో పడిందన్నాను.

పరీక్ష రోజు మధ్యాహ్నం నేనూ వెళ్ళాను. పరీక్ష ఇంట్లోంచే, కంప్యూటర్ ముందు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరాకి నాలుగు గోడలూ బల్ల కిందా చూపించాలి. అందుకని తల్లీ నేనూ వంటింట్లో కూర్చున్నాం. మధ్య గోడ పలచన, మాటలన్నీ వినిపిస్తున్నాయి. తల్లి వేరుశనక్కాయలు ముందేసుకుని ఒలుస్తూనే ఉంది, ఒక్కటీ తినలేదు. నేను ప్రభువా ప్రభువా అనుకుంటూ కూర్చున్నాను.

"నీకు ఏవేం బాగా వచ్చు?" దొరసాని గొంతు.

తల్లి చేతిలో కాయ ఆగిపోయింది.

"చాలా వచ్చు," అంది పిల్ల.

లారీల సంగతి చెప్పింది. దొరసాని నమ్మలేదు. అదే సమయానికి బయట ఒక లారీ పోతే, "ఖాళీది," అంది పిల్ల. దొరసాని పకాలున నవ్వింది. నూడుల్స్ సంగతి చెప్పింది, అది అబద్ధమని తనే ఒప్పుకుంది, మళ్ళీ నవ్వులు. నేను తల్లి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాను. అప్పుడు దొరసాని గొంతు తగ్గించి, మేం సాధన చెయ్యని ప్రశ్న అడిగింది.

"నువ్వు వెళ్ళాలనుకునే బడి చాలా దూరం. అక్కడ ఒంటరిగా అనిపించదా?"

"నాకా? ఒంటరిగా ఉండటంలో ఖతార్ మొత్తానికి నేనే గట్టిదాన్ని," అంది పిల్ల, గొప్పలు చెప్పే గొంతుతోనే. "నాకంటే గట్టివాళ్ళు ఒక్కరే ఉన్నారు. మా టీచర్."

ఈసారి దొరసాని నవ్వలేదు. తల్లి నా మోచెయ్యి లాగి, "వాట్ షీ సే? గుడ్?" అని అడుగుతోంది. "గుడ్, వెరీ గుడ్," అన్నాను. కోపం వచ్చింది నాకు. ఎవరు చెప్పారు దీనికి? ఒక్కనాడైనా నేను నోరు విప్పానా? లేచి కుళాయి తిప్పి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

సీటు వచ్చింది. ఆ ముక్క నాకు డ్రైవరే ముందు చెప్పాడు. "అక్కా, నీ పోరి పాసైందట. సార్ మాకందరికి మిఠాయి పంచిండు," అని డబ్బా చేతికిచ్చాడు. సంతోషమేసింది. నిజంగానే వేసింది. గదికొచ్చి ఆ డబ్బా పక్కన పెట్టుకుని ఏడ్చాను కూడా. చెక్కకి అవతల దగ్గు ఆగింది, అంతే, ఎవరూ ఏమిటని అడగలేదు.

ప్రయాణం రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి కారులో సామాను సర్దుతున్నాడు. తల్లి లోపల ఏవో పొట్లాలు కడుతోంది. పిల్ల కొత్త బడి కోటు ఆ ఎండల్లోనే తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి లాగింది.

"టీచర్, పరీక్షలో ఒకటి అబద్ధం చెప్పాను. ఒంటరిగా ఉండటం నాకు రాదు. అమ్మకి చెప్పకండి. అక్కడ హాస్టల్లో మొదటిరోజు అందరూ వాళ్ళ వాళ్ళతో మాట్లాడుకుంటుంటే ఏం చెయ్యాలి? మీకు వచ్చు కదా, చెప్పండి."

నా దగ్గర ప్రతిదానికీ జవాబుంటుందని పేరు. ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్ళజోడులోంచి నా ముఖంలోకే చూస్తోంది, చెప్పిన మాట చెప్పినట్టు చేయడానికి సిద్ధంగా. ఆ ముఖం చూస్తూ నేను గొప్పలు చెప్పలేకపోయాను.

"నాకూ రాదమ్మా," అన్నాను.

తెలుగులో అన్నానని అప్పుడు తట్టి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ నాన్న పిలిచేవరకూ వదల్లేదు.