గార్గేయపురం దాటని బండి

ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషు వచ్చినవాడంటే వాన కురిపించగలవాడితో సమానం. నేను స్కూలు ఫైనలు గట్టెక్కి (ఎట్లా గట్టెక్కానో ఇప్పుడెందుకులెండి), నందికొట్కూరులో మా మేనమామ ఇంట్లో ఉంటూ, కచేరీ అరుగు మీద అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటూ ఉండేవాణ్ణి. ఊరంతా ఆయన్ని అర్జీల అయ్యవారు అనేది. ఆయన నాకు మొదటిరోజే నేర్పిన సూత్రం ఒకటుంది. "అర్జీలో తప్పు ఎప్పుడూ మనదే కావాల నాయనా. దొర తప్పని రాసినావనుకో, నీ కాగితం బుట్టలోకి పోతాది. నా ఖర్మ, నా పాపం, నీ దయ అని రాయి, పని జరుగుతాది." ఈ సూత్రం నా బుర్రలో మేకులా దిగిపోయింది. దాన్ని కాస్తయినా కదిలించడానికి ఒక మోటారు సైకిలు కావలసి వచ్చింది.

ఆ మోటారు సైకిలు మా మామది. ఒక ఏడు వేరుశనక్కాయ బాగా పండిందని మద్రాసు పోయి, ఇంగ్లండు సీమనుంచి ఓడలో దిగిన కొత్త బండి తెచ్చాడు. దాంతో ఊళ్ళో ఆయన పేరు డుబుడుబు రెడ్డి అయిపోయింది. బండి చూడటానికి నల్లేనుగు పిల్లలా నిగనిగలాడేది కానీ దానికొక జబ్బు. నందికొట్కూరులో బయలుదేరి కర్నూలు వైపు పది మైళ్ళు చక్కగా పోయి, సరిగ్గా గార్గేయపురం దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయేది. ఒక గంట చల్లబడనిస్తే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది. చివరికి ఆ ఊరివాళ్ళు రోడ్డు పక్కన వేపచెట్టు కింద మంచం వేసి, మజ్జిగ ముంత పెట్టుకొని ఎదురుచూడటం అలవాటు చేసుకున్నారు. "ఏం రెడ్డీ, ఈపొద్దు అర్ధగంట ఆలస్యమైందే, ఇంటికాడ అందరూ బాగుండారా?" అని పరామర్శించేవాళ్ళు. మా మామకు బండి ఆగినదానికంటే ఆ పరామర్శే ఎక్కువ మండేది.

కర్నూలులో లారీలు బాగుచేసే మిస్త్రీ సాయిబు చెయ్యిపెట్టి చూసి జబ్బు కనిపెట్టాడు. ఇంజనుకు నిప్పురవ్వ అందించే పెట్టె ఒకటుంటుంది, మాగ్నెటో అంటారు. "దీని లోపల తీగెలకు లక్క పూసినారు రెడ్డీ. సల్లని దేశం సరుకు. మన ఎండకు లక్క మెత్తబడతాంది, రవ్వ సచ్చిపోతాంది," అన్నాడు. మద్రాసు ఏజెంటు రెండుసార్లు పెట్టె మార్చి పంపాడు. రెండూ అదే లక్క, అదే గార్గేయపురం. మూడోసారి విసుక్కుని, సీమలో కంపెనీకే రాసుకోండి అన్నాడు.

అప్పుడు మా మామ కళ్ళు నా మీద పడ్డాయి. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మామకు ఒక్కతే కూతురు. నాకిస్తారని చిన్నప్పటినుంచీ అందరూ అనేవాళ్ళు, ఒక్క మామ తప్ప. ఆయన మాత్రం "ఇంగ్లీషు ఊరికే సదివితే సాలదు, పనికొస్తాదో లేదో సూద్దాం" అనేవాడు. ఆ రోజు కాగితం, కలం నా ముందర పెట్టి, "అల్లుడూ, ఆ కంపెనీతో పెట్టె మార్పించు. ఆమీట పెండ్లి మాట మాట్లాడుకుందాం," అన్నాడు. పెళ్ళికూతురు వంటింటి గడపలో నిలబడి వింటూ ఉంది. అంతకంటే గొప్ప ముహూర్తం ఎవరికి దొరుకుతుంది? మూడు రోజులు కూర్చుని, నేర్చుకున్న విద్య అంతా ఒలకబోసి ఇంగ్లీషులో రాశాను. దాని సారాంశం ఇది: "ఘనత వహించిన కంపెనీవారి దివ్యసముఖమునకు, తమ పాదధూళికి సాటిరాని దాసుడు చేసుకొను విన్నపము. తమ బండి దోషరహితమైనది. అట్టి బండిని నడుపుటకు దాసుని పూర్వపుణ్యము చాలనందున పది మైళ్ళకు ఆగుచున్నది. తమ దయయే దిక్కు." (లక్క సంగతి రాయలేదు. రాస్తే వాళ్ళ తప్పు ఎత్తిచూపినట్టవుతుంది కదా.) ఇంగ్లీషు రాని మామ కింద సంతకం పెట్టాడు. అయ్యవారు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఉత్తరం ఓడెక్కి పోయి, జవాబు ఓడెక్కి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. కవరు మీద రాజుగారి తల చూసి మామకు పట్టలేని ఆనందం. నన్ను పిలిచేదాకా కూడా ఆగకుండా, అరుగు మీద పదిమందిని పోగేసి, పోస్టుమాస్టరు చేత చదివించాడు. నేను వచ్చేసరికే ఆయన తెలుగులో చెబుతున్నాడు: "బండిలో లోపమేమీ లేదనీ, అంతా తమ స్వంత పాపమనీ తమరే ఒప్పుకున్నందుకు కంపెనీవాళ్ళు సంతోషిస్తున్నారంట రెడ్డిగారూ. వచ్చే ఏటి కొత్త బండ్ల బొమ్మల పుస్తకం కూడా పంపినారు." అరుగు మీద నవ్వు ఆపుకోలేనివాళ్ళు వీధిలోకి దిగి నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా స్తంభం వెనక నిలబడిపోయాను.

మామ కొట్టలేదు, కొడితే బాగుండేది. "నా బండి నిలబడేదానికి నా పాపమని రాసినావా?" అని మాత్రం మెల్లగా అడిగాడు. "దొరలకు అట్లే రాయాల మామా," అన్నాను. "వాడు యాడి దొరరా, యాపారి! సంతలో ఎద్దును కొంటే కుంటిదని తేలిందనుకో, నా ఖర్మ అని ఇంట్లో కూసుంటామా? పోయి అమ్మినోని వాకిట్లో కట్టేసి వస్తాం. రాయి, నేను సెప్తా," అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టాను: "అయ్యా, నీ బండి పది మైళ్ళకు నిలబడతాది. మూడు పెట్టెలు సూసినాం. మా ఎండకు నీ లక్క కరగతాంది. కరగనిది పంపు. మల్లా అదే పంపేదుంటే పంపొద్దు." అంతే. వినయం ఒక్క చుక్క లేదు. ఈసారి సీమనుంచి పోలీసులే వస్తారని నాకు గట్టి నమ్మకం. ఈలోగా ఆత్మకూరు నుంచి ఎవరో మరదల్ని చూసిపోయారు. నాకు అన్నం సహించడం మానేసింది.

పోలీసులు రాలేదు, చెక్కపెట్టె వచ్చింది. లోపల వేడి దేశాల కోసం చేసిన వేరే రకం మాగ్నెటో, దానితో ఒక చిన్న ఉత్తరం. మీ మొదటి జాబు చాలా అందంగా ఉన్నది గానీ, జబ్బు ఏమిటో తెలిసింది మాత్రం ఈ రెండో జాబు వల్లనే అని రాశారు. మరునాడు మండుటెండలో మామ నన్ను వెనక కూర్చోబెట్టుకుని గార్గేయపురం మీదుగా ఆగకుండా దూసుకుపోతుంటే, మంచం మీదివాళ్ళు మజ్జిగ ముంత పట్టుకుని నోరు తెరిచి చూశారు. వాళ్ళ ముఖాలు చూసి జాలేసిందేమో, తిరిగొచ్చేటప్పుడు మామ తానే బండి ఆపి ఆ మజ్జిగ తాగి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే ధైర్యం కూడగట్టుకున్నాను. "మామా, తమరు పెద్దమనసు చేసుకుంటే... నాకు యోగ్యత లేకపోయినా... తమ దయ..." అని మొదలుపెట్టాను. "మల్లా అర్జీ పెడతాండావేమిరా? ఏం గావాలో సెప్పు," అని గద్దించాడు మామ. నేను పై కండువా మడతలు సరిచేసుకోవడం మొదలుపెట్టాను. వంటింట్లోంచి మరదలు గట్టిగా అరిచింది: "అడిగేదుంటే బిరీన అడుగు బావా, ఈడ సంగటి మాడతాంది!" కళ్ళు మూసుకుని, "పిల్లను నాకియ్యి మామా," అన్నాను. ఆయన చెప్పులు విడుస్తూ, "ఈ మాట ముందే అని ఉంటే ఆ ఆత్మకూరోళ్ళకు కాఫీ ఖర్చు తప్పేది గదరా," అన్నాడు.

తరువాత నేను కచేరీలో గుమాస్తానై నలభై ఏళ్ళు రాశాను. ప్రమోషన్ కోసం, సొంత ఊరికి బదిలీ కోసం, చివరికి ఒక ఫ్యాను కోసం, మిక్కిలి వినయంతో ఎన్ని కాగితాలు పెట్టుకున్నానో లెక్కలేదు. ఒక్కటీ రాలేదు. బతుకు మొత్తంలో వంకర లేకుండా అడిగినవి రెండే, ఒక మాగ్నెటో, ఒక పెళ్ళాం. రెండూ వచ్చాయి. అంత కళ్ళారా చూసి కూడా నేను మారలేదు. ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది నిజమే గానీ, కాస్త అసూయగా కూడా ఉంటుంది. కళ్ళు మూసుకునైనా సరే, వాడు అడిగాడు.